నామకరణానికి పరుగెత్తుకుంటూ పోయి

మహదేవపుర నుంచి దొడ్డబళ్ళాపురానికి బస్సులు కలిసొస్తే రెండు గంటలు. ఈ మాత్రం దానికి యాత్రా కథనమా అని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి. కాశీకి పోయినవాళ్ళే రాయాలని ఎక్కడా లేదు. మేం ముగ్గురం ఒక మోపెడ్ మీద బయలుదేరి, ఆ ఊరు చేరడానికి రెండు రోజులు తీసుకున్నాం. అందులో చివరి ఇరవై కిలోమీటర్లు నేను మోపెడ్ దిగి పరుగెత్తాను. ఆ దారిని బస్సు కిటికీలోంచి చూసినవాళ్ళు చాలామందే ఉంటారు. పరుగెత్తి చూసినవాళ్ళు తక్కువ కాబట్టి రాస్తున్నాను.

మహదేవపుర

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన అద్దాల మేడలు అప్పుడప్పుడే లేస్తున్న రోజులవి. నేను ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో లైను సూపర్‌వైజర్‌ని. మా ఆయన చంద్ర లేతు మిషను మీద పని చేస్తాడు. మా సింధుకు ఏడేళ్ళు. ముప్పై ఆరేళ్ళ వయసులో, ఫ్యాక్టరీ వార్షికోత్సవం నాడు ఆడవాళ్ళ పరుగుపందెంలో నాకు స్టీలు బిందె వచ్చింది. ఆ బిందె నా కొంప ముంచింది. కాళ్ళలో ఇంత సత్తువ ఉందని తెలిశాక ఊరికే కూర్చోబుద్ధి కాలేదు. బెంగళూరులో జరగబోయే ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగుకు పేరు ఇచ్చేశాను.

పేరు ఇచ్చింది నేనే గానీ, కష్టపడింది ఇల్లంతా. తెల్లవారుజామున నేను లేఅవుట్ రోడ్ల మీద కుక్కలను తప్పించుకుంటూ పరుగెత్తుతుంటే, ఇంట్లో చంద్ర పాలు కాచి, రాగిజావ చేసి, సింధుకు జడలు వేసేవాడు. ఒక జడ చెవి మీద ఉంటే ఇంకొకటి మెడ మీద ఉండేది. ఆ పిల్ల అలాగే బడికి పోయేది. ఆదివారాలు మరీ అన్యాయం. నేను పొద్దున ఎనిమిది దాకా రోడ్డు మీద, ఆ తర్వాత మధ్యాహ్నం దాకా చాప మీద.

అలాంటి ఒక ఆదివారమే మా మరదలి శ్రీమంతం వచ్చింది. మా తమ్ముడు శీనా ధర్మవరం నుంచి దొడ్డబళ్ళాపురం పోయి పవర్‌లూములు పెట్టుకున్నాడు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు వాడి భార్య సుజాత నీళ్ళు పోసుకుంది. మా ఇళ్ళల్లో శ్రీమంతానికి మొదటి గాజు ఆడపడుచే తొడగాలి. నేను పొద్దున పరుగు ముగించుకొని పోదామనుకున్నాను. పోయేసరికి గాజులన్నీ తొడిగేశారు, భోజనాలు సగం అయిపోయాయి. బస్సు దొరకలేదని చెప్పాను. సుజాత నమ్మింది కూడా.

మరుసటి రోజు మేం క్షేమంగా చేరామో లేదో కనుక్కోవడానికి సుజాత మా ఇంటి ఓనర్ల ఫోన్‌కు ఫోన్ చేసింది. ఎత్తింది సింధు. "అమ్మ నిన్న పొద్దున్నే చానా దూరం పరిగెత్తింది అత్తా, అందుకే లేటైంది" అని చక్కగా అప్పజెప్పింది. ఆ తర్వాత సుజాత ఫోన్లు ఆగిపోయాయి. నేను నా తప్పు ఒప్పుకోవడం మానేసి, ఆ పసిదాన్ని కసిరాను. అమ్మ పరుగు సంగతి ఇంకెవరికీ చెప్పకు, ఎవరడిగినా నోరు మూసుకో అని గట్టిగా చెప్పాను. అది కళ్ళు పెద్దవి చేసి తల ఊపింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

సుజాతకు ఆడపిల్ల పుట్టింది. నామకరణం మాఘమాసంలో, ఆదివారం. బిడ్డ చెవిలో పేరు చెప్పాల్సింది మేనత్త. శీనాకు తోడబుట్టింది నేనొక్కదాన్నే. సరిగ్గా ఆ ఆదివారమే, పోటీకి ముందు నేను పరుగెత్తాల్సిన ఆఖరి పెద్ద పరుగు. సింధుకు జ్వరం వచ్చి ఒకసారి, ఫ్యాక్టరీలో ఓవర్‌టైం వచ్చి ఒకసారి, అప్పటికే రెండు ఆదివారాలు పోయాయి.

"ఒక్క వారం మానుకుంటే ఏమైతుంది?" అన్నాడు చంద్ర. నేను బూట్ల మట్టి దులుపుతూ కూర్చున్నాను. ఆయనే కాసేపు గోడకేసి చూసి, "యలహంకలో మా పెద్దమ్మ ఉండాది కదా. శనివారం ఆడ పండుకుందాం. ఆదివారం నువ్వు ఆడనుంచి పరిగెత్తు, మేము బండి మీద వెనకాల వస్తాము" అన్నాడు. అలాంటి మనిషికి నేను బిందెడు కృతజ్ఞతలు చెప్పినా తక్కువే.

ఈసారి అబద్ధం వద్దనుకున్నాను. సుజాతకు ఫోన్ చేసి, ముందురోజే వచ్చి యలహంకలో ఉంటామని, అక్కణ్ణుంచి పరుగెత్తుకుంటూ వస్తానని ఉన్నదున్నట్టు చెప్పాను. "ముహూర్తం పదీ ఇరవైకి వదినా" అని ఫోన్ పెట్టేసింది. రానివ్వకపోదు, నాకు తెలుసు. కానీ తొమ్మిదేళ్ళకు పుట్టిన బిడ్డను ఆమె మనస్ఫూర్తిగా నా ఒళ్ళో పెడుతుందా అన్నదే నా దిగులు.

హెబ్బాళ

శనివారం మధ్యాహ్నం బయలుదేరాం. ముందు సింధు నిలబడింది, వెనక నేను. నా ఒళ్ళో మేనత్త తీసుకుపోవాల్సిన సామాను: బిడ్డకు గౌను, వెండి మొలతాడు, గంధం గిన్నె, అరిసెలు, నేను కట్టుకోవాల్సిన పట్టుచీర. కె.ఆర్.పురం దగ్గర మల్లెపూలు కొన్నాం. మూర ఐదు రూపాయలు. మా ధర్మవరంలో పూలు మోచేతితో కొలిచి చివర్లో ఒక బెత్తెడు కొసరు వేస్తారు. ఇక్కడ కొసరు అడిగితే పూలమ్మ నన్ను పైకీ కిందికీ చూసింది.

హెబ్బాళలో ఫ్లైఓవర్ కడుతున్నారు. అక్కడి మేకుల్లో ఒకటి మా టైరుకు రాసిపెట్టి ఉంది. చంద్ర పంక్చరు షాపు వెతుక్కుంటూ బండి నెట్టుకుపోతే, నేనూ సింధూ ఇసక కుప్ప మీద కూర్చున్నాం. పక్కనే కూలీ ఆడవాళ్ళు అన్నాలు తింటున్నారు. అందులో ఒకామె మా తెలుగు విని దగ్గరికొచ్చింది. పత్తికొండ పక్క పల్లెట. వానల్లేక ఊరంతా వచ్చి ఇక్కడ కంకర మోస్తోందని చెప్పింది. మాకు చెరొక జొన్నరొట్టె, మీద గోరంత ఉల్లికారం పెట్టింది. కాదనడానికి నోరు రాలేదు. నా కాళ్ళకున్న బూట్లు చూసి ఏం పనమ్మా అని అడిగింది. సింధు పక్కనే ఉన్నా, నేనే చెప్పాను.

"ఇరవై కిలోమీటర్లు పరిగెత్తితే కూలి ఎంతిస్తారక్కా?"

"కూలి ఇవ్వరు. మనమే డబ్బు కట్టాల."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని చాలాసేపు నవ్వింది. మిగతావాళ్ళను పిలిచి వాళ్ళకూ చెప్పింది. "మేమైతే దినమంతా ఈ గంప మోసుకోని తిరగతాం, మాకు కడతారు. నీకు ఇంకా బుద్ధి రాలేదక్కా" అంది. నాకు కోపం రాలేదు. సాయంత్రం దాకా ఆ రొట్టె వాసన చేతికి ఉండిపోయింది.

యలహంక

చంద్ర వాళ్ళ పెద్దమ్మ వెంకటలక్ష్మమ్మ ఇంట్లో మాట సగం తెలుగు, సగం కన్నడ. నాలుగు తరాలుగా యలహంక పాత ఊళ్ళోనే ఉన్నారు. మనం "టిఫిన్" అంటే వాళ్ళు "తిండి" అంటారు, భోజనాన్ని "ఊట" అంటారు. రాత్రి రాగిముద్ద, అవరెకాయ అనే చిక్కుడుగింజల పులుసు. మా వైపు ముద్దను వేళ్ళతో తుంచి కూరలో దొర్లించి నమలకుండా మింగుతాం. ఈ ఇంట్లోనూ అంతే. ఒక్క తేడా ఏమంటే, ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోస్తారు. సింధు ఆ గుంటకు చెరువని పేరు పెట్టి, కట్ట తెగకుండా ముద్దంతా తినేసింది. ఇంట్లో పావుముద్ద తినని పిల్ల.

రేపు పరుగెత్తుకుంటూ పోతానంటే ఆ పెద్దావిడ ఏమంటుందో అని జంకాను. ఆమె నా పిక్క పట్టి చూసింది.

"గట్టిగా ఉండాదే. నేను నీ వయసులో ఈడనుంచి మార్కెట్టుకి తలమీద కాయగూరల గంప పెట్టుకోని నడస్తా ఉంటిని. నువ్వు ఒట్టి చేతుల్తో పరిగెత్తేదానికి ఏమి? సుమ్నే పండుకో పో" అంది. సుమ్నే అంటే ఊరికే.

రాజానుకుంటె

తెల్లారకముందే బయలుదేరాం, ఒకటే చలి. మంచు ఎంత దట్టంగా ఉందంటే పుత్తేనహళ్ళి చెరువు పక్కన పోతున్నా నీళ్ళు కనపడలేదు, బాతుల అరుపులు మాత్రం వినిపించాయి. చంద్ర, సింధు వెనక లైటు వేసుకొని నిదానంగా వస్తున్నారు. ఆ లైటు వెలుగులో నా నీడ నాకంటే ముందు పరుగెత్తుతోంది. నీలగిరి తోపుల దగ్గర పొద్దు పొడిచింది. ఎన్ని నెలలుగానో ఒంటరిగా పరుగెత్తినదాన్ని, ఆ రోజు నా వెనక నా పిల్ల ఎక్కాలు చెప్పుకుంటూ వస్తోంది. పదమూడో ఎక్కం దగ్గర తప్పితే నేను రొప్పుతూనే దిద్దాను. అంత సంతోషంగా నేనెప్పుడూ పరుగెత్తలేదు.

రాజానుకుంటెలో తట్టె ఇడ్లీ కొట్టు. పళ్ళెమంత ఇడ్లీ, మీద వెన్న, ఒకటి నాలుగు రూపాయలు. నేను సగం తిని, నీళ్ళు తాగి, చెమట చల్లారకముందే బయలుదేరాలన్నాను. సింధుకు ఇంకో ఇడ్లీ కావాలి. "మీరు తినేసి రండి, నేను పోతా ఉంటాను" అని చెప్పి కదిలాను. ఏడు దాటింది. సగం దూరం కూడా పూర్తి కాలేదు గానీ సమయం బోలెడుంది.

ఇంకో ఐదారు కిలోమీటర్లు పోయాక వెనక్కి తిరిగి చూశాను. మోపెడ్ లేదు. మళ్ళీ పంక్చరేమో అనుకున్నాను. సెల్‌ఫోన్లు అప్పటికింకా మాలాంటి ఇళ్ళకు రాలేదు. నడిచాను, ఆగాను, మళ్ళీ చూశాను. వెనక్కి పోతే ముహూర్తం పోతుంది. ముందుకు పోతే వీళ్ళేమయ్యారో తెలియదు. రోడ్డు మధ్యలో నిలబడి నాకు ఏడుపు వచ్చినంత పనైంది. ఏ సుఖానికి ఈ పరుగు అని నన్ను నేనే తిట్టుకుంటూ వెనక్కే తిరిగాను. పది నిమిషాలు అలా నడిచానో లేదో, ఎదురుగా పాల వ్యాను వచ్చింది. చెయ్యెత్తి ఆపి, మోపెడ్ మీద మగమనిషి, ఏడేళ్ళ పాప కనిపించారా అని అడిగాను.

"ద్రాక్షతోట కాడ ఉండారమ్మా. బాగానే ఉండారు, పాప ద్రాక్షపండ్లు తింటా ఉండాది" అన్నాడు డ్రైవరు. బండెక్కమన్నాడు గానీ నేను ఎక్కలేదు. తండ్రీకూతుళ్ళు తోటలో కూర్చొని పళ్ళు తింటున్నారా అని ఒళ్ళు మండింది. మిగతా దూరమంతా ఆ మంటతోనే లాగించాను.

దొడ్డబళ్ళాపురం

మామూలుగా ఈ ఊళ్ళోకి అడుగుపెడితే ప్రతి సందులోనూ మగ్గాల చప్పుడే. మా ధర్మవరంలో చేతిమగ్గం ఆగి ఆగి పలుకుతుంది, ఇక్కడి పవర్‌లూములు ఊపిరి తీసుకోవు. ఆ రోజు శీనా వీధి మాత్రం నిశ్శబ్దంగా ఉంది. పండగని మగ్గాలు ఆపేశారు. తొమ్మిదిన్నరకు నేను గుమ్మంలో నిలబడ్డాను. చెమటతో తడిసిన టీషర్టు, ట్రాక్ ప్యాంటు, మోకాళ్ళ దాకా ఎర్రమట్టి. పట్టుచీరల్లో ఉన్న పాతికమంది ఆడవాళ్ళు మాటలాపేసి నన్ను చూశారు.

"అక్కా, బావ ఏడి?" అన్నాడు శీనా.

బావ లేడు, చీర లేదు, మొలతాడు లేదు, గౌను లేదు. ఆ మాట చెప్తుంటే నాకే సిగ్గేసింది. సుజాత గది తలుపు దగ్గర బిడ్డనెత్తుకొని నిలబడింది. లోపలినుంచి ఎవరో పెద్దావిడ, మేనత్త సామాను వచ్చేదాకా ముహూర్తం ఆగదు, సుజాత చెల్లెలితో పేరు చెప్పించండి అంది. ఇంకొకామె ఔనంది. వాళ్ళన్నదాంట్లో తప్పేమీ లేదు.

అప్పుడు సుజాత నోరు విప్పింది. "మా వదిన యలహంక నుంచి పరిగెత్తుకోని వచ్చింది. పేరు ఆమే చెప్తాది. కాకుంటే ఈ పొద్దు పేరే వద్దు" అంది. తర్వాత వాళ్ళమ్మ వైపు తిరిగి, "అమ్మా, నీళ్ళు కాగినాయి కదా. వదినకు పొయ్యి" అంది.

మామూలుగా పురుడు పుట్టింట్లో పోస్తారు. సుజాతకు తండ్రి లేడు, తల్లి ఓబుళమ్మత్త ఒంటరిది కాబట్టి ఆమే ఇక్కడికి వచ్చి కూతురికి బాలింత స్నానాలు చేయిస్తోంది. వేపాకు వేసిన నీళ్ళు అండాలో కుతకుతలాడుతున్నాయి. ఆమె నన్ను పీట మీద కూలేసి, ఆముదం వేడి చేసి, తొడలనుంచి పాదాల దాకా చాకిరేవులో బట్టలు పిండినట్టు పిండింది. నేను అరిచాను. "బిడ్డను కన్నదే అరవలేదు, నీకేమమ్మా" అంది. తర్వాత చెంబుతో వేడినీళ్ళు నడుము మీద, పిక్కల మీద చరిచి చరిచి పోసింది. సింధు పుట్టినప్పుడు మా అమ్మ పోసిన నీళ్ళు గుర్తొచ్చాయి. మా అమ్మ పోయాక ఎవరూ నాకలా పోయలేదు. ఆ ఆవిరిలో కూర్చొని నేను ఏడ్చాను. నీళ్ళు కారుతున్నాయి కాబట్టి ఎవరికీ తెలియలేదనుకున్నాను.

సుజాత తలుపు పక్కనుంచి చీర అందించింది. నీలం పట్టు, ఆకుపచ్చ అంచు.

"శ్రీమంతం రోజు ఆడపడుచుకు పెట్టాలని ఆయన నేసినాడు. ఆ పొద్దు గందరగోళంలో మరిచినాను, మర్నాటి నుంచి కోపంతో ఇయ్యలేదు. బీరువాలోనే ఉండాది" అంది. మళ్ళీ తనే, "నువ్వు పరిగెత్తినావని కాదు వదినా నా కోపం. బస్సు మీద పెట్టినావే, దానికి" అంది.

"తప్పు నాదే సుజాతా" అన్నాను. ఆమె అంతకంటే అడగలేదు.

రవిక ఓబుళమ్మత్తది. వెనక నాలుగు పిన్నీసులు పెట్టారు. పదీ ఇరవైకి పీట మీద బాసింపట్టు వేసుకొని కూర్చున్నాను. సుజాత వంగి బిడ్డను తానే నా ఒళ్ళో పెట్టింది. శీనా వచ్చి పేరు నాకు చెప్పాడు. చెవి మీద తమలపాకు అడ్డం పెట్టి మూడుసార్లు చెప్పాలి. "మేఘన" అన్నాను. "మేఘన" అన్నాను. మూడోసారికి సరిగ్గా కుడిపిక్క పట్టేసింది. కాలు చాపడానికి లేదు, ఒళ్ళో బిడ్డ. పళ్ళు బిగించి "మేఘనా" అని ఎంత గట్టిగా అన్నానంటే వీధిలోకి వినిపించిందట. బిడ్డ ఉలిక్కిపడి కళ్ళు తెరిచి నన్ను చూసింది, ఏడవలేదు. ఓబుళమ్మత్త నవ్వుతూ వచ్చి నా కాలు లాగింది.

అక్షింతలు వేస్తుంటే చంద్ర, సింధు వచ్చారు. చంద్ర చేతిలో మా సామాను, సింధు చేతిలో గంపెడు నల్లద్రాక్ష. జరిగింది ఇదీ.

ద్రాక్షతోటలో మునియమ్మ అనే ఆమె, మరో నలుగురు ఆడవాళ్ళు కలుపు తీస్తున్నారు. రోడ్డు మీద ఒక ఆడమనిషి రొప్పుతూ పరుగెత్తిపోవడం చూశారు. కాసేపటికి ఒక మగమనిషి బండి మీద రావడం, ముందుపోయిన ఆమె ఎంత దూరంలో ఉందని అడగడం చూశారు. కొడవళ్ళతో రోడ్డుకు అడ్డం వచ్చారు.

"పెండ్లాన్ని బండేసుకోని తరుముతా ఉండావే, సిగ్గుండాదా అప్పా నీకు?" అంది మునియమ్మ. చంద్ర ఎంత చెప్పినా వినలేదు. పొద్దున్నే ఊరికే పరుగెత్తే ఆడమనిషిని వాళ్ళు చూడలేదు మరి. చివరికి సింధును అడిగారు, మీయమ్మ ఎందుకు పరిగెత్తతా ఉండాది అని. సింధు పెదాలు బిగించింది.

"చెప్పమ్మా" అని చంద్ర బతిమాలాడు.

"అమ్మ ఎవరికీ చెప్పొద్దనింది" అంది నా కూతురు.

ఆ మాటతో మా ఆయన పని అయిపోయింది. తాళంచెవి లాక్కొని ఆయన్ను గట్టు మీద కూర్చోబెట్టారు. పిల్ల చేతిలో మాత్రం ద్రాక్షగుత్తి పెట్టారు. రెండు గంటలు దాటాక మునియమ్మ సింధును ఒళ్ళో కూర్చోబెట్టుకొని, "ఎవరికీ చెప్పొద్దులే. నా చెవిలో చెప్పు" అందట. సింధు చేతులు అడ్డం పెట్టుకొని ఆమె చెవిలో చెప్పింది, అమ్మ పందెం కోసం పరుగు నేర్చుకుంటోందని, ఈ రోజు పాపకు పేరు పెట్టాలని. మునియమ్మ తల బాదుకొని, తాళంచెవి ఇచ్చి, గంప నిండా పళ్ళు పెట్టి, చంద్రకు దండం పెట్టిందట. "మంచి మొగుడివి అప్పా, ఏమనుకోవద్దు" అందట.

ఇల్లంతా నవ్వుతోంది. సుజాత కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. నేను నవ్వలేకపోయాను. నా అబద్ధానికి కాపలా పెట్టిన పిల్ల, నిజం చెప్తే నాన్న బయటపడతాడని తెలిసీ నా మాట నిలబెట్టింది. దాన్ని దగ్గరికి తీసుకున్నాను. సుజాత వింటుండగానే, "తప్పు అమ్మది సింధూ. ఇంక నువ్వు ఎవరికైనా చెప్పు" అన్నాను.

"ఎవరికైనానా?" అంది.

"ఎవరికైనా."

తిరుగుదారి

పప్పుబొబ్బట్లు, చిత్రాన్నం, వంకాయ కూర తిని సాయంత్రం బయలుదేరాం. ద్రాక్షతోట దగ్గర ఆగి మునియమ్మకు నామకరణం బొబ్బట్లు ఇచ్చాం. ఆమె నా బూట్లు ఒకసారి చేత్తో తట్టి చూసింది.

పోటీలో ఏమైందని అడుగుతారేమో. పూర్తి చేశాను. నాకంటే ముందు చాలామంది వచ్చారు, నా వెనక కూడా కొందరున్నారు. ఆ పతకం ఎక్కడ పెట్టానో వెతకాలి. నీలం చీర మాత్రం ఏటా మేఘన పుట్టినరోజుకు కడతాను.

సింధు నేనిచ్చిన అనుమతిని వృథా చేయలేదు. ఆ సాయంత్రం యలహంకలో పెద్దమ్మకు మొదట్నుంచీ మళ్ళీ చెప్పింది. సోమవారం బడిలో టీచరుకు చెప్పింది. ఓనర్లకు చెప్పింది, పాలవాడికి చెప్పింది. ఆ వారంలోనే నేను మా వీధి చివరి కొట్టుకు పెసరపప్పు కోసం పోతే, ఎన్నేళ్ళుగానో నాతో ధర తప్ప మరో మాట మాట్లాడని శెట్టి తక్కెడ కింద పెట్టి నా కాళ్ళకేసి చూశాడు.

"అమ్మా, నామకరణానికి పరిగెత్తుకోని పోయింది మీరేనా?" అన్నాడు.

"నేనే" అన్నాను.